రక్తం ఇస్తాం సరే, “డేటా పంచుకోవచ్చు” గడిలో టిక్ పెట్టాలా వద్దా?

తెనాలి_శైలు
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా అన్నయ్య కొడుక్కి పద్నాలుగేళ్లు. ఆమధ్య అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ తొందరగానే అయిపోయింది గానీ పిల్లాడు లేవలేదు. సొంతంగా ఊపిరి తీసుకోడు, వేలు కూడా కదపడు. రాత్రంతా వెంటిలేటర్ మీద ఉంచితే తెల్లారగట్ల మెల్లగా కదిలాడు. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు, క్రికెట్ ఆడుతున్నాడు. డాక్టరుగారు “మీరు వైశ్యులా?” అని అడిగి, మీవాళ్లలో కొందరికి ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది, పరీక్ష చేయించుకోండి అన్నారు.

ఆ తర్వాత ఒక పరిశోధన బృందం నుంచి ఫోన్. ఇంటిల్లిపాదీ రక్తం ఇస్తే జీనోమ్ (ఒంట్లోని డీఎన్‌ఏ అక్షరాలన్నీ) మొత్తం చదువుతారట, ఖర్చు వాళ్లదే. ఫారం తెలుగులోనే పంపారు. చివరి పేజీలో మూడు గడులు ఉన్నాయి. మొదటిది ఈ ఒక్క అధ్యయనానికి ఒప్పుకోవడం. రెండోది మునుముందు చేసే ఇతర ఆరోగ్య పరిశోధనలకు. మూడోది ఉన్నదున్నట్టు రాస్తున్నా: “నా కోడ్ చేయబడిన జన్యు మరియు ఆరోగ్య సమాచారమును నియంత్రిత ప్రవేశము గల జాతీయ లేదా అంతర్జాతీయ డేటాబేసులో ఉంచుటకు, దేశ విదేశములలోని విద్యాసంస్థలు, వాణిజ్య సంస్థలతో పంచుకొనుటకు అంగీకరించుచున్నాను.”

నాన్నగారు “అంత చదువుకున్నవాళ్లు అడుగుతుంటే అనుమానాలెందుకు, పెట్టేయండి” అంటున్నారు. వదిన కలం ముట్టుకోవట్లేదు. ఆవిడ బెంగంతా మా మేనకోడలి గురించి. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి ఎక్కడన్నా బయటపడితే? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_మత్తుడాక్టర్
శైలు గారూ, ముందు వైద్యం సంగతి చెప్తాను, అక్కడ అయోమయం ఉండకూడదు.

గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అని ఒక ఇంజెక్షన్ ఇస్తాం. మామూలువాళ్లలో ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది కాబట్టి. ఆ ఎంజైము పనిచేయనివాళ్లలో అదే మందు గంటల తరబడి ఉండిపోతుంది. మనిషిని నిద్రలోనే ఉంచి, మిషన్‌తో ఊపిరి ఇస్తూ, అది దిగేదాకా పక్కన కూర్చోవడమే మేం చేయగలిగింది. మీవాడికి వాళ్లు చేసింది సరైన పనే. రోజువారీ బతుకులో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ లేదు, మత్తు బల్ల ఎక్కినప్పుడే బయటపడుతుంది. ముందే తెలిస్తే ఆ మందు మానేసి రోక్యురోనియం వాడతాం, దానికి విరుగుడు కూడా ఉంది.

ఇక “వైశ్యులా?” అని ఎందుకడిగారంటే, మన కోస్తా ఆపరేషన్ థియేటర్లలో ఇది పాత అనుభవం. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా, దానివల్ల ప్రొటీన్‌లో 307వ చోట లూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ పడటం, ఈ వర్గంలో ఎక్కువని చాలా ఏళ్ల కిందటే పట్టుకున్నారు. 2017లో మన హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), హార్వర్డ్ వాళ్లు కలిసి నేచర్ జెనెటిక్స్ పత్రికలో వేసిన పేపర్లో దీని వెనక కథ ఉంది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి ఒక వర్గం మొదలై, తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరిగితే, ఆ కొద్దిమందిలో ఒకరికున్న తేడా అందరిలోకీ పాకుతుంది. దక్షిణాసియాలో వాళ్లు చూసిన 263 వర్గాల్లో 81 వర్గాల్లో ఈ ప్రభావం, దీనికే పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కనాజీ (యూరప్ మూలాలున్న) యూదులకన్నా బలంగా కనిపించింది. వైశ్యులు ఒక ఉదాహరణ మాత్రమే, ఏ కులమూ దీనికి అతీతం కాదు.

ఇంతమంది డేటా ఒకచోట చేరబట్టే ఆ పేపరు వచ్చింది. నన్నడిగితే మూడు గడులూ టిక్ పెట్టండి.

వరంగల్_వాణి
డాక్టర్ సాబ్, మీరు జెప్పింది మంచిగనే ఉంది. గని శైలక్క అడిగింది వేరే. పేరు తీసేసి కోడ్ నంబర్ పెడ్తం అంటున్రు. పద్నాలుగేండ్ల పిలగాడు, ఫలానా కులం, ఫలానా జిల్లా, అపెండిక్స్ ఆపరేషన్ల ఊపిరి ఆగింది. గిన్ని ఉన్నంక పేరుతోని పనేంది? అక్కా, ఏమనుకోకు, నువ్వు ఈడ రాసిన ముచ్చటతోనే సగం దొరికిపోతవ్.

నిర్వాహకుడు
వాణి గారి మాటలో న్యాయం ఉంది. శైలు గారూ, మొదటి పోస్టులో ఆసుపత్రి పేరు, తేదీ తీసేశాను. మిగతావాళ్లు కూడా ఆసుపత్రుల పేర్లు, రిపోర్టుల ఫొటోలు ఇక్కడ పెట్టకండి.

తెనాలి_శైలు
తీసినందుకు థాంక్సండి. నా ఐడీలో ఉన్న ఊరు అత్తగారిది, పుట్టిల్లు వేరే జిల్లా. అయినా వాణి అన్నది చదివాక కడుపులో తిప్పింది.

సీక్వెన్స్_సుబ్బు
బెంగళూరులో ఇదే పని చేస్తుంటాను, కాబట్టి రక్తం ఇచ్చాక ఏం జరుగుతుందో లోపలి నుంచి చెప్తా.

ట్యూబు మీద బార్‌కోడ్ అంటిస్తారు. ఆ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరే కంప్యూటర్లో, ఒకరిద్దరి చేతిలోనే ఉండాలి (“ఉండాలి” అన్నాను, గమనించండి). డీఎన్‌ఏ తీసి సీక్వెన్సర్‌లో పెడితే ముక్కలు ముక్కలుగా అక్షరాలు వస్తాయి. ఆ ముడి ఫైలును ఫాస్ట్‌క్యూ అంటాం. ఒక్కో అక్షరాన్ని సగటున 30 సార్లు చదివితే ఒక మనిషికే పదుల జీబీలు. వాటిని రిఫరెన్స్ జీనోమ్ (పోల్చడానికి అందరూ వాడే నమూనా జీనోమ్) పక్కన పేర్చి, తేడాలు మాత్రం ఏరితే వీసీఎఫ్ అని చిన్న ఫైలు మిగులుతుంది. మనిషికి 40, 50 లక్షల తేడాలు ఉంటాయి. దాదాపు అన్నీ నిరపాయమైనవే.

శైలు గారి మూడో గడికి సంబంధించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. “పంచుకోవడం” అన్న మాట కింద రెండు వేరువేరు పనులు జరుగుతాయి. “ఈ తేడా 10 వేలమందిలో ఎంతమందికి ఉంది” అన్న లెక్కను మాత్రం అందరికీ తెరిచి పెట్టడం ఒకటి. ఒక్కో మనిషి పూర్తి ఫైలును, వయసు, షుగరు, బీపీ వివరాలతో సహా, దరఖాస్తు పెట్టుకున్న పరిశోధకులకు ఇవ్వడం ఇంకొకటి. మొదటిదానికి అభ్యంతరం పెట్టేవాళ్లు తక్కువ. గొడవంతా రెండోదానితోనే. మీ ఫారంలో “నియంత్రిత ప్రవేశము” అన్నది ఈ రెండోదే.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ జీనోమ్ ఇండియా. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డబ్బుతో 2020లో మొదలైంది. 20 సంస్థలు కలిసి చేశాయి, మన సీసీఎంబీ అందులో ఉంది. దాదాపు 10 వేలమంది జీనోములు చదివి ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో పెట్టారు. 2025 జనవరి 9న పరిశోధకులకు తెరిచారు. తెరిచారంటే ఎవరుపడితే వాళ్లు డౌన్‌లోడ్ చేసుకోవడం కాదు. ప్రతిపాదన రాయాలి, కమిటీ చూడాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. దానికోసం ఫీడ్ ప్రోటోకాల్స్ అని నియమావళి పెట్టారు.

వరంగల్_వాణి
సుబ్బన్నా, కమిటీ, ఒప్పందం సరే. నేనడిగిన దానికి జవాబ్ రాలె. పేరు లేకుంటె దొరకబట్టొచ్చా, పట్టరాదా?

సీక్వెన్స్_సుబ్బు
పట్టొచ్చు. దాచడం ఎందుకు.

2008లో హోమర్ అనే పరిశోధకుడి బృందం ఒక పేపరు వేసింది. వందలమంది డీఎన్‌ఏ కలిపిన మొత్తం లెక్కలే ఉన్నా సరే, ఒక మనిషి డీఎన్‌ఏ మన చేతిలో ఉంటే అతను ఆ గుంపులో ఉన్నాడో లేడో చెప్పొచ్చని తేల్చారు. అది చూసి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ అప్పటిదాకా అందరికీ తెరిచి ఉంచిన మొత్తం లెక్కల్ని కూడా తాళం వెనక్కి నెట్టేసింది. 2013లో ఇంకొక బృందం వై క్రోమోజోమ్ గుర్తుల్ని వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి ఇంటిపేర్లు ఊహించింది. దానికి వయసు, రాష్ట్రం కలిపితే కొందరు మనుషులే దొరికారు.

అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లెవరూ “ఎవరూ కనిపెట్టలేరు” అని రాయకూడదు. మీ ఫారంలో ఆ మాట ఉంటే అనుమానించండి. “కనిపెట్టే ప్రయత్నం చేయబోమని డేటా తీసుకునేవాళ్ల చేత సంతకం పెట్టిస్తాం” అని ఉంటే అది నిజాయతీ.

న్యూజెర్సీ_నాగ్
ఇక్కడ మా ఆఫీసులో ఒక క్రిస్మస్‌కి అందరం సరదాగా 23అండ్‌మీ అనే కంపెనీ డీఎన్‌ఏ పరీక్ష కిట్లు కొనుక్కుని డబ్బాలో ఉమ్మి పంపాం. 2023 అక్టోబరులో హ్యాకింగ్ సంగతి బయటపడింది. 69 లక్షలమంది వివరాలు పోయాయి. ఖాతాలు పగలగొట్టింది కొన్ని వేలే. మిగతావాళ్లంతా “బంధువులు” అన్న సదుపాయం ద్వారా దొరికిపోయారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నరమంది డీఎన్‌ఏ వేలంపాటలో ఆస్తి కింద లెక్క! రాష్ట్రాల అటార్నీ జనరళ్లు “డేటా డిలీట్ చేసుకోండి బాబూ” అని ప్రకటనలిచ్చారు. చివరికి పాత సీఈఓ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థే కొనుక్కుంది.

కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందని అడగడం ఒక్కటే చాలదు, రేపు ఆ సంస్థ మూతపడితే ఎవరి చేతికి పోతుందని కూడా అడగండి.

పైగా నేను ఉమ్మితే మా తమ్ముడి సగం కథ కూడా పోయినట్టే. 2018లో కాలిఫోర్నియాలో పాత హంతకుణ్ణి పట్టుకుంది దూరపు బంధువులు ఎక్కించిన డీఎన్‌ఏ పట్టుకునే కదా.

సీక్వెన్స్_సుబ్బు
నాగ్ అన్నా, హంతకుడు దొరకడం మంచిదే కదా 😄 సరే, అర్థమైంది. కానీ అమ్మకానికి పెట్టిన కిట్టుని, ఎథిక్స్ కమిటీ దాటి వచ్చిన పరిశోధనని ఒకే గాటన కట్టకండి. పద్ధతులు వేరు, జవాబుదారీ వేరు.

చిన్ని_వాళ్లమ్మ
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాయాలనిపించింది.

మా పాపకి ఫిట్స్, నడక ఆలస్యం. ఎక్సోమ్ పరీక్ష (జీనోమ్‌లో ప్రొటీన్లు తయారుచేసే భాగాలు చదవడం) చేయిస్తే రిపోర్టులో “ప్రాముఖ్యత తెలియని మార్పు” అని వచ్చింది. అంటే తేడా కనబడింది, దానివల్లే జబ్బో కాదో చెప్పలేం అని. ఆ ఒక్క లైను పట్టుకుని ఊళ్లు తిరిగాం. కౌన్సెలర్ గారు చివరికి కంప్యూటర్ తిప్పి చూపించారు. ప్రపంచంలో ఇంతమందిని చదివారు, అందులో మనవాళ్లు ఎంతమందో చూడండి అని. మనవాళ్ల గీత అడుగున సన్నగా ఉంది. ఈ మార్పు మనలో మామూలుగా ఉండేదో, పాపకే ఉన్న అరుదైనదో తేల్చడానికి పోల్చేవాళ్లే లేరు.

తర్వాత వేరే దేశంలో ఏదో ల్యాబ్ వాళ్లు అదే మార్పుని, అవే లక్షణాలున్న ఇంకో బిడ్డలో చూసి క్లిన్‌వార్ అనే అందరూ చూడగలిగే డేటాబేసులో పెట్టారు. మా రిపోర్టు మారింది. మందు మారింది. ఫిట్స్ తగ్గాయి. ఆ బిడ్డ ఎవరో నాకు తెలీదు. వాళ్లమ్మ ఎక్కడో ఒక గడిలో టిక్ పెట్టింది.

మీ వదిన గారిని బలవంతపెట్టమనట్లేదు. ఇది కూడా చెప్పండి ఆవిడకి, అంతే.

గుంటూరు_మత్తుడాక్టర్
అమ్మా, మీ పాప చల్లగా ఉండాలి.

ఈవిడ చెప్పింది పిల్లల జబ్బులకే కాదు, అన్నిటికీ వర్తిస్తుంది. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. గుండె కండరం మందమయ్యే జబ్బుకి కారణమని కొన్ని జన్యుమార్పుల్ని ముద్ర వేసి, కొందరు నల్లజాతివాళ్లకి పాజిటివ్ రిపోర్టులిచ్చారు. తీరా చూస్తే అవి వాళ్లలో మామూలుగా కనిపించే నిరపాయమైన తేడాలు. మొదట పోల్చిన గుంపులో నల్లవాళ్లు సరిపడా లేకపోవడమే కారణం. అటువైపు మన సంగతి: గుండె కండరానికే సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోవడం దక్షిణాసియావాళ్లలో నూటికి దాదాపు నలుగురిలో ఉందని 2009లో సీసీఎంబీ వాళ్లు, మరికొందరు కలిసి చూపించారు. యూరప్ వాళ్ల జీనోములు ఎన్ని లక్షలు చదివినా ఇది బయటపడేది కాదు.

కడప_చిన్నోడు
అందరూ సెంటిమెంటు కొడ్తాండారు. డబ్బుల సంగతి ఎవురూ మాట్లాడరేందబ్బా? ఫారంలో “వాణిజ్య సంస్థలు” అని ఉంది చూడండి. రగతం మనది, మందు వాళ్లది, రేటూ వాళ్లదే.

పీసీఎస్‌కే9 అని ఒక జన్యువు. దాని సంగతి తెలిసింది ఫ్రాన్సులో కొలెస్ట్రాల్ కుటుంబాల వల్ల, అమెరికాలో డల్లాస్‌లో రక్తమిచ్చిన నల్లవాళ్ల వల్ల. 2015లో దాన్ని బట్టి కొలెస్ట్రాల్ తగ్గించే మందులొచ్చినాయి. రేటెంతో తెల్సా? మొదట్లో ఏడాదికి 14 వేల డాలర్లు. రక్తమిచ్చినోళ్లలో ఎంతమంది కొనగలిగుంటారు?

సీక్వెన్స్_సుబ్బు
చిన్నోడు అన్నా, రేటు మాట ఒప్పుకుంటా. తర్వాత ధర చాలా తగ్గించారు, అది వేరే విషయం. కానీ కంపెనీలకి తలుపు మూసేస్తే మందు తయారు చేసేదెవరు? విశ్వవిద్యాలయం పేపరు వేస్తుంది, మాత్ర చేయదు.

కడప_చిన్నోడు
మూసేయమన్లేదు సామీ. తలుపు కాడ టికెట్ పెట్టమంటాండా. మన దేశపు రేటుకి మందు ఇస్తామని ముందే రాపిచ్చుకోవాల. అట్లా ఒప్పందం యాడన్నా ఉంటే చూపీ.

వకీలు_మూర్తి
చిన్నోడు గారి ప్రశ్నకి: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాల్లో ప్రయోజనాలు పంచుకోవాలన్న మాట ఉంది. మార్గదర్శకమే తప్ప కోర్టులో పట్టుబట్టడానికి గట్టి ఆధారం కాదు. అది మన లోటే.

చట్టం సంగతి క్లుప్తంగా. మనకి జన్యు సమాచారానికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమే దిక్కు. 2019 బిల్లులో జన్యుడేటాని “సున్నితమైన” వర్గంలో వేరుగా పెట్టారు. 2023 చట్టానికొచ్చేసరికి ఆ వర్గమే ఎగిరిపోయింది. మీ ఫోన్ నంబరుకీ మీ జీనోముకీ అక్కడ ఒకటే లెక్క. పరిశోధన కోసం వాడే డేటాకి మినహాయింపు కూడా ఉంది. ఆ డేటాతో ఫలానా మనిషి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అన్నవి షరతులు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు.

బీమా మాట ఎవరూ ఎత్తలేదు. “జన్యుపరమైన జబ్బులకు వర్తించదు” అన్న షరతు చూపి ఒక గుండెజబ్బు మనిషికి ఆరోగ్య బీమా కంపెనీ డబ్బివ్వకపోతే, 2018లో ఢిల్లీ హైకోర్టు అలాంటి వివక్ష చెల్లదని తీర్పిచ్చింది. అది సుప్రీంకోర్టుకి అప్పీలు వెళ్లింది. అమెరికాలో 2008 చట్టం ఆరోగ్య బీమాకీ ఉద్యోగాలకీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకి ఇవ్వదు. నాగ్ గారికి తెలిసే ఉంటుంది.

నిజానికి నా కన్ను రెండో గడి మీద ఉంది, “ఇతర ఆరోగ్య పరిశోధనలు” అన్నదాని మీద. అరిజోనాలో హవసుపాయ్ అనే చిన్న తెగ ఉంది, గ్రాండ్ కాన్యన్ లోయలో ఉంటారు. 1990లో షుగర్ జబ్బు మీద పరిశోధన అని విశ్వవిద్యాలయం వాళ్లు రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, రక్తసంబంధపు పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వలస వచ్చారన్న దాని మీద పేపర్లు వచ్చాయి. మేం ఈ లోయలోనే పుట్టామన్నది ఆ తెగ నమ్మకం. కోర్టుకెళ్లారు. 2010లో 41 మందికి 7 లక్షల డాలర్లు, మిగిలిన రక్తం వెనక్కి ఇచ్చేట్టు రాజీ కుదిరింది. అక్కడ ఎవరి పేరూ బయటపడలేదు, గమనించండి. తెగ పేరు ఒక్కటే చాలింది, తలవంపులకి.

వరంగల్_వాణి
గిదే నేను జెప్పేది. మనిషి పేరు దాస్తరు, కులం పేరు హెడ్డింగుల పెడ్తరు. రేపు వాట్సాప్‌ల “ఫలానా కులపోళ్లకు రోగం ఉందట” అని తిరుగుతది. ఏజెన్సీల సికిల్ సెల్ టెస్టులు జేసి కార్డులు ఇస్తున్రు, మంచి పనే. గని కార్డు రంగు జూసి సంబంధం తప్పిపోయిన పిల్లను నేను ఎరుగుదును. ఆ పిల్లకు రోగం గూడ లేదు, క్యారియరే, అంటె ఆ జన్యువు ఒక్క కాపీల తేడా ఉన్నదంతె.

తెనాలి_శైలు
మా వదిన భయం అచ్చంగా ఇదే వాణీ.

న్యూజెర్సీ_నాగ్
పెళ్లిళ్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇక్కడికి దగ్గర్లో బ్రూక్లిన్‌లో సంప్రదాయ యూదులు చాలామంది. వాళ్లలో టే-శాక్స్ అని పసిపిల్లల్ని తీసుకెళ్లిపోయే జబ్బు ఉండేది. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితేనే వస్తుంది. అక్కడా మనలాగే పెద్దలు కుదిర్చే సంబంధాలు, మనలాగే గుసగుసలు. 1980లలో దోర్ యెషోరిమ్ అని సంస్థ పెట్టుకున్నారు. స్కూలు వయసులో రక్తం తీస్తారు, ఫలితం ఎవరికీ చెప్పరు, ఆ పిల్లకి కూడా. ఒక నంబరు ఇస్తారు, అంతే. సంబంధం అనుకున్నప్పుడు రెండువైపుల నంబర్లూ ఫోన్లో చెప్తే, “కలుస్తాయి” లేదా “ఈ జంట వద్దు” అంటారు. ఇద్దరూ క్యారియర్లయితేనే ఆ రెండో మాట వస్తుంది. ఒక్కరే క్యారియర్ అయితే ఎవరికీ ఏమీ తెలియదు.

డేటా పెట్టుకునే పద్ధతిలోనే పరువు దాచారు చూడండి. మనవాళ్లు జాతకాలు కలపడానికి ఇంతకంటే ఎక్కువ వివరాలు ఇస్తారు!

గుంటూరు_మత్తుడాక్టర్
బాగుంది నాగ్. అయితే శైలు గారింటి విషయంలో ఇంత అవసరం లేదు. మేనకోడలు క్యారియరే కావొచ్చు, లోపమే ఉండొచ్చు, పెళ్లి మానుకోవాల్సిన జబ్బు కాదిది. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆ బిడ్డకైనా ఆపరేషన్ ముందు ఒక మాట చెప్తే చాలు.

సీక్వెన్స్_సుబ్బు
ఇంకొక సంగతి. మీరంతా డేటా బయటికి పోతుందని భయపడుతున్నారు. నా రోజంతా గడిచేది దేనితోనో తెలుసా? వచ్చిన డేటా పనికిరాకుండా ఉండటంతో. పోయినవారం తెరిచిన ఒక షీటులో “షుగర్ ఉందా?” అన్న కాలమ్ కింద “అవును”, “వై”, “1”, “2”, “99”, “బోర్డర్” అని ఆరు రకాలున్నాయి. 99 అంటే వయసా, షుగరు అంకా, “తెలీదు” అనా? రాసినమ్మాయి పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోయింది. సగం ఫైళ్లు 2009 నాటి రిఫరెన్స్ జీనోము మీద, సగం 2013 నాటిదాని మీద. అదే మార్పుకి రెండిట్లో రెండు చిరునామాలు, కలిపితే అంతా కలగాపులగం. ఇక ఎక్సెల్ పుణ్యమా అని మార్చ్1 అనే జన్యువు పేరు కాస్తా మార్చి నెల ఒకటో తేదీ అయి కూర్చుంటుంది. ఇది ఎంత ముదిరిందంటే, జన్యువులకి పేర్లు పెట్టే కమిటీవాళ్లు ఎక్సెల్‌ని మార్చలేక 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చేశారు.

జనం నమ్మి ఇచ్చిన రక్తం ఇలా వృథా అయితే అది కూడా మోసమే అంటాను నేను. ఎవరి దగ్గరికీ పోకుండా భద్రంగా ఉండి, ఎవరికీ అర్థం కాకుండా కుళ్లిపోయే డేటా కన్నా, నలుగురు తెరిచి తప్పులు పట్టే డేటా నయం.

అలాగని ఫైలు చేతికివ్వక్కర్లేదు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంకులో 5 లక్షలమంది ఉన్నారు. వాళ్లలో దాదాపు అందరి పూర్తి జీనోములు 2023 నవంబరులో వచ్చాయి. ఇప్పుడు పరిశోధకులే వాళ్ల క్లౌడులోకి వెళ్లి లెక్కలు చేసుకుని ఫలితాలు తెచ్చుకోవాలి, మనుషుల ఫైళ్లు బయటికి తేకూడదు. శైలు గారూ, ఆ బృందం వాళ్లని ఇది అడగండి: డేటా డౌన్‌లోడ్ చేసుకోనిస్తారా, అక్కడే చూసి వెళ్లనిస్తారా?

వకీలు_మూర్తి
దానికి జతగా: సమ్మతి వెనక్కి తీసుకుంటామంటే ఏమేం తీసేస్తారు, కమిటీలో బయటివాళ్లు ఎవరైనా ఉన్నారా, మనకి పనికొచ్చే ఫలితం కనబడితే చెప్తారా. ఇక పిల్లాడిది. తల్లిదండ్రుల సంతకంతో పాటు 12 నుంచి 18 ఏళ్లవాళ్ల దగ్గర రాతపూర్వకంగా వాళ్ల సమ్మతి కూడా తీసుకోవాలని ఐసీఎంఆర్ అంటుంది. 18 నిండాక మళ్లీ అడగాలి. అబ్బాయిని ఎవరైనా అడిగారా?

తెనాలి_శైలు
లేదండీ. మాకే తట్టలేదు.

తెనాలి_శైలు
అప్‌డేట్. వాళ్ల కోఆర్డినేటర్ అమ్మాయి ఇంటికొచ్చింది, ఓపిగ్గా కూర్చుంది. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని అడిగాను. డౌన్‌లోడ్ కుదరదట, వాళ్ల సర్వర్లోనే చూడాలట, అది బాగుంది. వెనక్కి తీసుకుంటే వాళ్ల దగ్గరున్నది తీసేస్తారట, అప్పటికే అచ్చయిన ఫలితాల్లోంచి మాత్రం తీయలేమంది. కమిటీలో బయటి మనిషి ఒకరు ఉంటారు. కంపెనీలు ఇప్పటిదాకా అడగలేదు, అడిగితే కమిటీ చూస్తుంది అంది. మందు రేటు గురించి అడిగితే నవ్వేసింది (చిన్నోడు గారూ, మీ పేరు చెప్పలేదు లెండి).

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. పేపరు ఎలా ఉంటుందో చూపించమంటే ఆ అమ్మాయి ఒక పాతది తెరిచింది. అందులో కుటుంబ వృక్షం బొమ్మ. మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు, జబ్బున్నవాళ్లకి నలుపు, మొదట దొరికిన మనిషి పక్కన బాణం. వదిన అది చూసి “మాదీ ఇలాగే వేస్తే? తాతయ్య, ముగ్గురు కొడుకులు, పెద్దాయనకి ఒక అమ్మాయీ అబ్బాయీ, ఆ బాణం మావాడు. మా వీధిలో ఎవరికైనా అర్థమవుతుంది, దీనికి డీఎన్‌ఏ ఎందుకు?” అంది. నాకు నోట మాట రాలేదు.

సీక్వెన్స్_సుబ్బు
మీ వదిన గారికి దండం. ఇన్నేళ్లుగా ఎన్‌క్రిప్షన్ గురించి మాట్లాడుకుంటాం, బొమ్మ సంగతి పట్టించుకోం. దానికి మార్గం ఉంది. చదరాలూ సున్నాలూ తీసేసి అందరికీ డైమండు గుర్తు పెట్టొచ్చు, అవసరం లేని కొమ్మలు తీసేయొచ్చు. బొమ్మ అచ్చువేసేముందు మీకు చూపించాలని ఫారం మీదే రాయించండి.

తెనాలి_శైలు
రాయించాం. కోఆర్డినేటర్ అమ్మాయి వాళ్ల బృందం పెద్దతో ఫోన్లో మాట్లాడి, చేత్తో రాసి సంతకం పెట్టిచ్చింది. జిల్లా పేరు, కులం పేరు రెండూ ఒకేచోట రాయకూడదని కూడా అడిగాం, ఆలోచిస్తామన్నారు.

చివరికి ఇంట్లో తలా ఒక రకం. నాన్నగారు మూడూ పెట్టేశారు, ఎవరి మాటా వినకుండా. అన్నయ్యా నేనూ కూడా మూడూ. వదిన మొదటి రెండూ పెట్టి మూడోది ఖాళీగా వదిలేసింది. మేనకోడలు అసలు రక్తమే ఇవ్వనంది, కోఆర్డినేటర్ సరేనంది, ఒక్క మాట అనలేదు. మావాడిని కూర్చోబెట్టి అడిగితే “నా వల్ల ఇంకొకడు రాత్రంతా అలా పడుకోకుండా ఉంటాడా?” అన్నాడు. మొదటి రెండు గడులకీ సంతకం పెట్టాడు. మూడోది 18 నిండాక వాడే చూసుకుంటాడు.

వరంగల్_వాణి
మంచిగ జేసిన్రు అక్కా. ఒక్కింట్ల ముగ్గురివి మూడు తీర్లు, అయినా బృందం వాళ్లు సరే అన్నరంటె నాకు గూడ కొంచెం నమ్మకం కలిగింది.

కడప_చిన్నోడు
నవ్వినా మళ్లీ అడగండి. అడగ్గా అడగ్గా ఎప్పుడో ఫారంలో ఎక్కుతాది.

గుంటూరు_మత్తుడాక్టర్
శైలు గారూ, ఒకటి మర్చిపోకండి. పరిశోధన ఫలితం ఎప్పుడొస్తుందో, చేతికిస్తారో లేదో. దానికోసం ఎదురు చూడకుండా ఎంజైము స్థాయి, డైబ్యుకెయిన్ నంబరు (ఆ ఎంజైము మామూలు రకమో కాదో చెప్పే అంకె) పరీక్షలు మామూలు ల్యాబులోనే విడిగా చేయించండి. అబ్బాయికీ, ఒప్పుకుంటే అక్కకీ. తక్కువని తేలితే ఒక కార్డు మీద “సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం వద్దు” (రెండోది కూడా ఈ ఎంజైమే కరిగించే మందు) అని ఇంగ్లీషులో రాయించి పర్సులో పెట్టండి. ప్రమాదం జరిగి స్పృహ లేనప్పుడు మీ డేటాబేసు ఎవరూ తెరవరు, పర్సు తెరుస్తారు.

తెనాలి_శైలు
అలాగే డాక్టరుగారూ. వచ్చేవారం వాడికి పన్ను తీయించాలి, ఆ ఇంజెక్షన్‌కి కూడా భయపడాలా?

గుంటూరు_మత్తుడాక్టర్
సాధారణంగా పళ్ల డాక్టర్లు వాడేది లిగ్నోకెయిన్. దాన్ని కరిగించేది లివరు, ఈ ఎంజైముతో పనిలేదు. ప్రొకెయిన్, క్లోరోప్రొకెయిన్ లాంటివైతేనే ఇబ్బంది. తీయించేయండి. జరిగిన సంగతి మాత్రం కుర్చీ ఎక్కకముందే వాళ్లకి చెప్పండి.